మార్కరుకు స్కోరు లేదు

సుజాతకు ఓడిపోవడం నేర్పింది మీరే. క్యాంపస్ రాకెట్స్ క్లబ్ సభ్యులారా, పొద్దున్నే తెల్ల చొక్కాలు తొడుక్కొని వచ్చి, కోర్టు చూసుకునే మార్కరు సామేలును అటూ ఇటూ తిప్పి, చివరికి గెలిచి, "ఇవాళ బాగా ఆడానోయ్" అనుకుంటూ కారెక్కి పోయే పెద్దమనుషులారా, మీరే. కౌలాలంపూర్‌లో ఆ పిల్ల గెలిచే స్క్వాష్ మ్యాచ్ పోగొట్టుకుంటే మీ వాట్సాప్ గ్రూపులో జాలిపడ్డారు. "ఆ బ్యాక్‌గ్రౌండ్ నుంచి వచ్చినవాళ్లకు గెలవాలనే కసి ఉండదు" అని ఒకాయన రాస్తే పదిమంది బొటనవేలు ఎత్తారు. కసి ఎక్కడికి పోయిందో మీకు తెలియదు. తీసుకున్నది మీరే కనక తెలియదు. కూర్చొని వినండి.

సోమవారం పొద్దున లాలాగూడ నుంచి తండ్రి సామేలు బండి వెనక కూర్చొని సుజాత క్లబ్బుకు వచ్చింది. చెన్నైలో అకాడమీలో చేరిన తర్వాత ఆమె ఇంటికి వస్తే నిద్రకే సరిపోయేది. తండ్రి పనిచేసే వేళకు ఎన్నడూ లేచింది లేదు. ఈసారి లేచింది. నిద్ర పట్టలేదు కాబట్టి లేచింది. ఆదివారం ఇదే కోర్టులో సెలక్షన్ మ్యాచ్. ఏషియా పోటీలకు పోయే జట్టులో ఒక్క చోటు మిగిలింది. ఆ చోటుకు ఇద్దరు: తనూ, క్లబ్ ప్రెసిడెంట్ అచ్యుతరామయ్య మనవరాలు కౌముదీ. కౌముదికి ఇరవై ఏళ్లు, ఇంకా బోలెడు జట్లు ముందున్నాయి. తనకు ఇరవై ఏడు. ఈసారి పోతే ఏదో కోచింగ్ సెంటర్లో స్కూలు పిల్లలకు రాకెట్ పట్టుకోవడం నేర్పుకుంటూ బతకాలి. అకాడమీ కోచ్ ఆ మాట దాచుకోకుండా చెప్పేశాడు. కౌలాలంపూర్ వీడియో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి అడిగాడు: "గెలిచే పాయింటు దగ్గరికి రాగానే బంతి మధ్యలోకి ఎందుకు వేస్తావు? అక్కడే కదా ఆ అమ్మాయి నిలబడింది?" సుజాత తనకు తెలిసి వేయలేదు. చెయ్యి వేసింది.

సామేలు కోర్టు తలుపు తెరిచి, బూట్లు మార్చుకొని, పని మొదలుపెట్టాడు. ముందు పొడి గుడ్డ చుట్టిన కర్రతో నేల చెక్కల వెంబడే తుడిచాడు, అడ్డంగా తుడిస్తే దుమ్ము సందుల్లో ఇరుక్కుంటుంది. తర్వాత తడి గుడ్డతో గోడల మీద బంతి మచ్చలు. నల్లటి రబ్బరు మచ్చలు, మునివేళ్లతో గుండ్రంగా తిప్పితేగానీ పోవు. ముందు గోడ అడుగున మోకాలికి తక్కువ ఎత్తులో ఉన్న రేకును వంగి తుడిచాడు. బంతి ఆ రేకుకు తగిలితే టంగుమంటుంది, పాయింటు పోతుంది. ఆట అంతా అంతే: నాలుగు గోడల మధ్య ఇద్దరు, ముందు గోడకు ఒకరి తర్వాత ఒకరు కొట్టాలి, బంతి నేల మీద రెండోసారి పడేలోపు అందుకోవాలి.

పని అయ్యాక జేబులోంచి బంతి తీశాడు. చల్లటి స్క్వాష్ బంతి చచ్చిన ఎలుకలాగా నేలకు అతుక్కుంటుంది, లేవదు. దాన్ని కొట్టి కొట్టి వేడి చెయ్యాలి. సామేలు ఒక్కడే ముందు గోడకు కొట్టడం మొదలుపెట్టాడు. ముంజేయి ఊగుతోంది, మోచెయ్యి పక్కటెముకలను విడవడం లేదు. బంతి గోడ వెంబడి గీత గీసినట్టు పోయి వెనక మూలలో పడుతోంది. మళ్లీ అదే గీత, మళ్లీ అదే మూల. సుజాత పైన గ్యాలరీలో కూర్చొని చూస్తోంది. ఈజిప్టులో, హాంకాంగ్‌లో పెద్ద పెద్దవాళ్ల ఆట దగ్గరి నుంచి చూసిన కళ్లు అవి. ఇంత శుభ్రమైన గీత ఆమె ఎక్కువసార్లు చూడలేదు.

అచ్యుతరామయ్య వచ్చాడు. రిటైరైన ఎకనామిక్స్ ప్రొఫెసరు, మంచి మనిషి, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. సామేలు వేడెక్కిన బంతి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని చెంపకు ఆనించుకొని తృప్తిగా తలూపాడు.

ఆట మొదలైంది. సుజాత తండ్రి బంతినే చూస్తోంది. ఇప్పుడు గీత లేదు. మూల లేదు. సామేలు కొట్టిన ప్రతి బంతీ ముందు గోడకు తగిలి, వొద్దికగా లేచి, అచ్యుతరామయ్య రాకెట్ ఎక్కడ ఎత్తిపట్టి ఉందో సరిగ్గా అక్కడికి వస్తోంది. ఆయన ఒక అడుగు వేస్తే చాలు. రెండు అడుగులు వేయాల్సి వస్తే, అది ఆయనకు చెమట పట్టడానికి. ఆయన అలిసినప్పుడు బంతి ఇంకా నెమ్మదిగా వస్తోంది. చివరి పాయింట్లలో ఒకసారి సామేలు ముందుకు ఉరికి, బంతి అందుకొని, టంగుమని రేకుకు కొట్టాడు. వెంట్రుకవాసిలో పోయినట్టు ఎంత బాగా కొట్టాడు! ఇలాంటిది చూసే చిన్నప్పుడు ఇదే గ్యాలరీలో కూర్చొని "అయ్యో, మా నాయినకు లక్ లేదు" అని ఏడ్చిన పిల్ల సుజాత.

ఇప్పుడు ఏడవలేదు. ముందున్న ఇనుప కడ్డీని పట్టుకుంది.

"ఏమ్మా సుజాతా! వచ్చావా?" కింద నుంచి అచ్యుతరామయ్య తల ఎత్తాడు. "మొన్న లైవ్‌లో చూశాంలే. పోన్లే, దిగులు పెట్టుకోకు. మీ నాన్న ఇవాళ నన్ను ఎలా పరిగెత్తించాడో చూశావా? అయినా వదల్లేదు నేను!"

"చెయ్యి మస్తు సాగింది సార్ మీకియ్యాల," అన్నాడు సామేలు, ఆయన చెమట చుక్కలు నేల మీద నుంచి తుడుస్తూ.

ఈలోగా కౌముది గ్యాలరీలోకి వచ్చింది, భుజాన సంచి, చెవుల్లో పాటలు. "అక్కా! ఆదివారం నన్ను చంపేస్తావా ఏంటి?"

"ఎవలు ఎవల్ని చంపుతరో చూద్దాం తియ్."

"నువ్వు సీనియర్‌వి, కొంచెం జాలి చూపించు." నవ్వి, కిందికి వంగి పిలిచింది. "సామేలూ, నా గ్రిప్ జారిపోతోంది, మార్చి పెట్టవా? తొందరగా, క్లాసుంది."

సామేలు రాకెట్ అందుకొని, పాత పట్టీని ఊడదీసి, కొత్తది పిడి అడుగు నుంచి ఏటవాలుగా చుట్టుకుంటూ వచ్చాడు. ఇరవై ఏళ్ల పిల్ల యాభై ఏళ్ల మనిషిని పేరు పెట్టి పిలిచింది. ఆ పిల్లలో పొగరు లేదు. మాటలు వచ్చినప్పటి నుంచి వాళ్ల తాత అలా పిలవడం వింది, అలాగే పిలిచింది. సుజాత కూడా ఆ పిలుపు చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. ఇవాళ వినబడింది.

తర్వాత సామేలు కౌముదికి ఎదురు నిలబడి బంతులు వేశాడు. ఆ పిల్ల కొట్టింది. ఆ పిల్ల మొదటి నుంచీ ఇలాగే నేర్చుకుంది, ఈయన ముంజేతి నుంచి చేతికి అందివచ్చే బంతుల్ని కసితీరా మూలలకు కొడుతూ. మరి తను? తనకు కోర్టులో చోటు ఎక్కడిది? మెంబర్లు లేని మధ్యాహ్నాలు అరగంటో, పావుగంటో. మిగతాదంతా గ్యాలరీలోంచి తండ్రి చేతిని చూసి, ఇంటి గోడ మీద అచ్చం అలాగే కొట్టి నేర్చుకుంది. ఒక్క మనిషే ఇద్దరికీ నేర్పాడు. కౌముదికి తీసుకోవడం వచ్చింది. తనకు ఇవ్వడం వచ్చింది.

తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ బండి పక్కన సుజాతా, తల్లిదండ్రులూ నిలబడ్డారు. తల్లి బాలలక్ష్మి అమ్మాయిల హాస్టల్ మెస్సులో పొద్దుటి పని ముగించుకొని వచ్చింది, మణికట్ల మీద ఇంకా పిండి.

"నాయినా, నువ్వు ఎన్నడన్న గెల్సినవా?"

"ఏడ?"

"గాడ. కోర్టుల."

సామేలు చాయ్ ఊదుకున్నాడు. "గెలుసుడు నా పనానే? కండక్టరు బస్సు ఎక్కిచ్చుకుంటడు గని, డ్రైవర్ సీట్ల కూసుంటడా?"

"నేను గెల్సేకాడ బాల్ ఎదుటోళ్ల చేతులకు ఇస్తున్న. ఎవల్ని చూసి నేర్సుకున్ననో ఇయ్యాల తెలిసింది."

ఆ మాట సామేలుకు తగిలిన చోటు బాలలక్ష్మికి కనపడింది. "ఏయ్ పిల్లా," అంది, "నీ బూట్లు, నీ టికెట్లు అన్నీ ఆ చెయ్యే తెచ్చింది. జర మంచిగ మాట్లాడు."

"తిడుతలేనమ్మా. ఉన్నది చెప్తున్న."

సామేలు గ్లాసు చాయ్ బండి మీద పెట్టాడు. "ఆట పనోనికి వేరే, ఆడేటోనికి వేరే బిడ్డా. నువ్వు పనోని ఆట నేర్సుకున్నవ్." అంతే అన్నాడు. తన బండి తీశాడు.

*

బుధవారం మధ్యాహ్నం క్లబ్బు ఖాళీ. పెద్దమనుషులు భోంచేసి పడుకునే వేళ. సుజాత తండ్రిని కోర్టులోకి లాక్కుపోయింది.

"నాతోని నిజంగ ఆడు. నన్ను ఓడగొట్టు."

"పిచ్చా నీకు? నువ్వు ఇండియా ప్లేయర్‌వి."

"నీ గీత నేను చూసిన. పొద్దున ఒక్కనివి కొడ్తవ్ చూడు, గా ఆట ఆడు నాతోని."

సామేలు ఒప్పుకున్నాడు. మొదట్లో బానే ఆడాడు. బంతి గోడ వెంబడి సరసరా పోయింది. సుజాత రెండుసార్లు వెనక మూలకు ఉరికింది, ఒకసారి అందలేదు, ఆనందం పట్టలేక, తండ్రికి ఒకటి తనకు సున్నా అని గట్టిగా అరిచింది: "వన్–లవ్, సామేలు!"

సామేలు ఆగిపోయాడు. రాకెట్ కిందికి దిగింది.

"స్కోరు అనకు బిడ్డా."

"ఏమైతది?"

ఆయన గడ్డం ఎత్తి తలుపు పక్క గోడను చూపించాడు. అక్కడ నిబంధనల బోర్డు. ఏడో నిబంధన: మార్కర్లు తమలో తాము గాని, ఇతరులతో గాని స్కోరు పెట్టుకొని ఆడరాదు. ఎప్పుడో, మార్కర్లు పందేలు కడతారని ఎవరికో అనుమానం వచ్చి రాయించారట. అనుమానపడ్డవాళ్లు పోయారు, బోర్డుకు మాత్రం రెండేళ్లకోసారి రంగు వేస్తారు. మార్కరు అంటే మెంబర్లు ఆడుతుంటే పైన కూర్చొని స్కోరు చెప్పాలి. రోజంతా చెప్పవచ్చు. గొంతు పోయేదాకా చెప్పవచ్చు. తన స్కోరు మాత్రం ఎవరూ చెప్పకూడదు.

"ఎవలున్నరు ఈడ? మనిద్దరమే గద. ఆడు."

మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి సుజాత ఊరికే పెదవులతో లెక్కపెడుతోంది. ఆయనకు తెలుస్తూనే ఉంది. మూడో పాయింటుకల్లా బంతి మధ్యలోకి రావడం మొదలైంది. ఆమె రాకెట్ దగ్గరికి, వొద్దికగా, వినయంగా. ఆమె కావాలని కొట్టకుండా వదిలేసింది. మళ్లీ అదే చోటికి వచ్చింది. మళ్లీ.

"నాయినా! మూలకు ఎయ్యి!"

"ఎయ్యాల్ననే అనుకుంటున్న." సామేలు తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు, అది వేరెవరిదో అయినట్టు. "అంటలేదు బిడ్డా. లెక్క మొదలైందంటే చెయ్యి నా మాట ఇంటలేదు."

సుజాత బంతిని చేత్తో పట్టుకొని ఆపింది. కౌలాలంపూర్‌లో తన చేతికి పట్టిన జబ్బు ఇదే. తండ్రికి లేని జబ్బు ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది?

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. అచ్యుతరామయ్య, చేతిలో కళ్లద్దాల పెట్టె. మర్చిపోయి పోయినట్టున్నాడు, తీసుకోవడానికి వచ్చాడు.

"ప్రాక్టీసా? మంచిది మంచిది." నవ్వాడు. "కాకపోతే సామేలూ, 'మూలకు ఎయ్యి' అని వినిపించింది. మ్యాచ్ కాదు కదా? ఒక్కరికి సడలిస్తే అందరూ అడుగుతారు. నీకు తెలియనిది కాదు."

"మ్యాచ్ గాదు సార్. పిల్లకు చేతులు గరం జేస్తున్న."

"అదీ. సామేలంటే సామేలే." వెళ్లబోయి ఆగాడు. "అన్నట్టు శనివారం మన ఆట ఉంది, గుర్తుందిగా? సెలక్టర్లు వస్తున్నారు, అసోసియేషన్ వాళ్లు వస్తున్నారు. జనంలో మనకు బాగుంటుంది."

ఏటా క్లబ్ వార్షికోత్సవానికి అదొక ఆచారం. ప్రెసిడెంటూ మార్కరూ ఒక గేమ్ ఆడతారు. దానికి మాత్రం స్కోరు ఉంటుంది, మార్కరు రెండు పాయింట్ల తేడాతో ఓడతాడు కనక. ఓడాక శాలువా కప్పుతారు.

ఆ తర్వాత రెండు రోజులు సామేలు ఇంట్లో ఉన్నా కోర్టులోనే ఉన్నట్టున్నాడు. అన్నం కలుపుతూ మధ్యలో ఆగేవాడు. నీళ్ల ట్యాంకరు కోసం బిందె పట్టుకొని నిలబడి, రెండో చేతిని గాలిలో ఊపేవాడు, మోచెయ్యి పక్కటెముకకు ఆనించి.

"సూడు, మీ నాయిన చేతికి గాలి సోకింది," అంది బాలలక్ష్మి, చపాతీ పిండి సంచి భుజానికెత్తుకుంటూ. "పాస్టరయ్యను పిల్వాల్నా, డాక్టర్‌ను పిల్వాల్నా?"

"డాక్టర్ను పిలువు," అన్నాడు సామేలు. "పాస్టర్‌కు నా మొకం గుర్తు లేదు. ఆదివారాలన్నీ మెంబర్లకే పాయె."

*

శనివారం సాయంత్రం గ్యాలరీ నిండిపోయింది. ముందు వరసలో సెలక్టర్లు, వాళ్ల వెనక మెంబర్లూ వాళ్ల భార్యలూ, సమోసా ప్లేట్లు. కోర్టు వెనక గోడ అద్దాలది, అక్కడ కూడా నిలబడ్డారు. సామేలు కొత్త చొక్కా వేసుకున్నాడు. కోర్టులోకి దిగేముందు కూతురు దగ్గర ఆగాడు.

"స్కోరు నువ్వు చెప్పు."

"నేనా? సెక్రటరీ సార్ చెప్తడు గద ఎప్పుడు."

"అడిగిన. సరే అన్నడు. ఇంటర్నేషనల్ ప్లేయర్ చెప్తే క్లబ్బుకు పేరు అన్నడు." చొక్కా చేతి గుండీ పెట్టుకున్నాడు. "గట్టిగ చెప్పు. నాకు ఇనపడాలె."

సుజాత స్కోరు చెప్పే కుర్చీలో కూర్చుంది. తండ్రి మళ్లీ ఆ రేకును టంగుమనిపించడం తన నోటితోనే చెప్పాలి.

మొదటి పాయింట్లు ఎప్పటిలాగే పోయాయి. సామేలు బంతి మధ్యలోకి, అచ్యుతరామయ్య రాకెట్ మధ్యలోకి. అచ్యుతరామయ్య కొట్టాడు, చప్పట్లు. మళ్లీ కొట్టాడు, చప్పట్లు. "ఫోర్–లవ్," అంది సుజాత, అచ్యుతరామయ్య వైపు. సామేలు నడిచివచ్చి తన గడిలో నిలబడి, రాకెట్ పిడిని చొక్కాకు తుడుచుకొని, తల ఎత్తి ఆమెను చూశాడు. ఆయన మొహం ఆమెకు అర్థం కాలేదు. నొప్పి పట్టిన పంటిని పీకించుకోవడానికి నోరు తెరిచిన మనిషి మొహంలా ఉంది.

తర్వాతి బంతి మధ్యలోకి రాలేదు. గోడ పక్కనే, గోడను తాకీ తాకకుండా పోయి వెనక మూలలో దిగింది. అచ్యుతరామయ్య రాకెట్ ఎత్తి ఉంచాడు. బంతి ఆయన దగ్గరికి వస్తుందని నిలబడ్డాడు. రాలేదు. రెండోసారి నేల తాకింది.

కొందరు నవ్వారు. సరదాకు అనుకున్నారు.

"సర్వీస్ మారింది. వన్–ఫోర్." అంది సుజాత.

సామేలు గట్టిగా కొట్టలేదు. గట్టిగా కొడితే పెద్దాయన పరిగెత్తి పడతాడేమోనని భయపడ్డాడు కూడా. ఊరికే, ఆయన లేని చోటికి వేశాడు. ఒకటి ముందు మూలకు, గోడను ముద్దుపెట్టుకున్నట్టు. ఒకటి వెనక మూలకు. రెండు మూడు పాయింట్ల దాకా చెయ్యి పాత అలవాటుకే లాగుతూ ఉంది, ఒక బంతి సగం దారిలో మనసు మార్చుకొని మధ్యకు తిరగబోయింది, అది ఆమెకు కనిపించింది. మణికట్టు ఒక్క గుంజు గుంజి దాన్ని పక్కకు తోశాడు. ఆ తర్వాత ఆ లాగుడు పోయింది. అచ్యుతరామయ్య ఒక్క అడుగుతో అందే బంతులకు అలవాటు పడ్డ మనిషి. కాలు ఎటు వేయాలో తెలియక మధ్యలోనే తిరుగుతున్నాడు.

గ్యాలరీలో సమోసాలు నమలడం ఆగిపోయింది. సుజాత ఒక్కొక్క అంకె గట్టిగా చెబుతోంది. ఫోర్ ఆల్. ఫైవ్–ఫోర్. సిక్స్–ఫోర్. ప్రతి అంకెకూ సామేలు చెవులు నిక్కబొడుచుకోవడం ఆమెకు పైనుంచి తెలుస్తోంది. పొద్దుటి గీత ఇదే. ఎవరూ లేని కోర్టులో, బంతిని వేడి చేయడానికి మాత్రమే గీసే గీత. ఇప్పుడు అందరి ముందూ గీస్తున్నాడు, ఒక్క మనిషి చూడటానికి.

"లెవెన్–ఫోర్. గేమ్, సామేలు."

చప్పట్లు లేవు. సెలక్టర్లలో ఒకావిడ మాత్రం రెండుసార్లు కొట్టి, పక్కకు చూసి, ఆపేసింది.

అచ్యుతరామయ్య చెమట తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో కోపం లేదు. కంగారు ఉంది, నిజమైన కంగారు.

"ఏమైంది సామేలూ? ఒంట్లో బాగోలేదా?"

సామేలు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "బాగానే ఉన్న సార్."

"లేదు లేదు. ఏదో తేడాగా ఉంది నీకు." భుజం మీద చెయ్యి వేశాడు. "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో. రేపటి నుంచి రెండో మార్కరు నాగేష్ చూసుకుంటాడులే. నేను కబురు చేస్తాను."

పాతికేళ్ల ఉద్యోగం అంత మర్యాదగా పోయింది. శాలువా ఒకటి టేబుల్ మీద మడత విప్పకుండా ఉండిపోయింది.

బయట బండి దగ్గర సామేలు తాళం చెవి పెట్టలేకపోయాడు. సుజాత అందుకుంది.

"ఎందుకు జేసినవ్ నాయినా? రేపు సెలక్షన్ అయినంక మాట్లాడేదుండె గద."

"చూసి నేర్సుకున్న అన్నవ్ గదా నువ్వు." బండి సీటు మీద చెయ్యి ఆనించుకున్నాడు. "తప్పుది చూసి నేర్సుకున్నవ్. సక్కంది గూడ చూడాలె గద ఒక్కపారన్న. ఇంకేం జేస్త, నోటితోని చెప్తే వచ్చేదా?" తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు: "ఎంతన్నవ్ ఆఖరుకు?"

"లెవెన్–ఫోర్."

"మళ్ల అను."

"లెవెన్–ఫోర్. గేమ్, సామేలు."

సామేలు నవ్వాడు, కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. ఇంటికి పోయాక విషయం విని బాలలక్ష్మి చేతిలో గరిటె పక్కన పెట్టింది. "పోనియ్," అంది. "మెస్సుల గిన్నెలు కడిగేటోళ్లు కావాల్నంటున్నరు." ఆయన మొహంలోకి చూసి, "సార్‌ను నిజంగనే ఉరికిచ్చినవా?" అంది.

"ఉరుకలే. నిలవడ్డడు."

"అయ్యో పాపం," అని ముగ్గురూ నవ్వుకున్నారు, నవ్వకూడని సమయంలో.

*

ఆదివారం సామేలు సెలక్షన్ మ్యాచ్‌కు రాలేదు. "గేటు బయట నిలవడి అడుక్కునేటోని లెక్క తొంగి చూడ," అన్నాడు. "చర్చికి పోత. నువ్వు పో. నేను చూపిచ్చేది చూపిచ్చిన." ఇస్త్రీ చొక్కా వేసుకొని, బైబిలు పట్టుకొని, బాలలక్ష్మి పక్కన లాలాగూడ సందులోంచి నడిచిపోయాడు. ఆదివారం పొద్దున వాళ్లిద్దరూ కలిసి నడవడం సుజాత చూడటం అదే మొదలు.

కోర్టును నాగేష్ అడ్డంగా తుడిచాడు. బంతి సరిగా వేడెక్కలేదు, మొదటి గేమ్ అంతా నేలకు అతుక్కుంటూనే ఉంది.

కౌముది బాగా ఆడింది. అది ఒప్పుకోవాలి. కాళ్లలో వయసుంది, భయం లేదు. రెండు గేములు ఆమె గెలిచింది, రెండు సుజాత గెలిచింది. అయిదో దాంట్లో సుజాత ముందుకు పోయింది, కౌముది తరుముకుంటూ వచ్చింది. పది–తొమ్మిది. ఒక్క పాయింటు వస్తే సుజాతకు జట్టులో చోటు. రాకపోతే కౌలాలంపూరే మళ్లీ.

చాలాసేపు కొట్టుకున్నారు. కౌముది కొట్టిన బంతి వెనక గోడకు తగిలి, అలసిపోయి, సుజాత ముందు లేచింది. తేలిక బంతి. కౌముది అప్పటికే మధ్యకు వచ్చి, రాకెట్ ఎత్తి నిలబడింది. సుజాత చెయ్యి కదిలింది, కదిలి, తనకు తెలిసిన చోటు వైపు తిరగడం ఆమెకు స్పష్టంగా తెలిసింది. ముంజేతిలో ఆ మెత్తదనం. ఆ వొద్దిక. నిన్న సగం దారిలో తండ్రి మణికట్టు గుంజుకున్న గుంజు కూడా అప్పుడే ఒంట్లోకి వచ్చింది. బుద్ధిలోకి కాదు, ఒంట్లోకి. ఆమె దాన్ని ఆపలేదు.

బంతి గోడ వెంబడి పోయింది. వెనక మూలలో పడి, లేవకుండా చచ్చింది.

కౌముది నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. తర్వాత వచ్చి చెయ్యి ఇచ్చింది, ఆయాసపడుతూ. "అక్కా, మధ్యలోకి వస్తుందనుకున్నా. నువ్వెప్పుడూ అక్కడికే వేసేదానివి. నేను దానికోసమే ఉన్నా."

"తెలుసు," అంది సుజాత.

అచ్యుతరామయ్య మైకు అందుకున్నాడు. మనవరాలు ఓడినందుకు ఆయన మొహం చిన్నబోలేదు, పెద్దమనిషి. "ఇద్దరూ మన పిల్లలే," అన్నాడు. "సుజాత మన క్లబ్ బిడ్డ. మన కోర్టులో పుట్టిన ఆట. ఈ విజయం మన క్లబ్‌ది!" ఈసారి చప్పట్లు గట్టిగా మోగాయి. మైకు ఆమెకు ఇచ్చాడు.

సుజాత ఊపిరి అందేదాకా ఆగింది.

"నేను క్లబ్ బిడ్డను గాను సార్. సామేలు బిడ్డను." గ్యాలరీ మొత్తం తన వైపు తిరగడం చూసింది. "ఆయనకు ఒంట్లో బాగానే ఉన్నది. నిన్న మీరందరు చూసిన్రు, ఎంత మంచిగున్నదో. రెస్ట్ వద్దు ఆయనకు. వచ్చే నెల మీరు పెట్టే ఓపెన్ టోర్నమెంట్ డ్రా లిస్టుల ఆయన పేరు ఎయ్యున్రి. మార్కర్ అని గాదు. ఆడేటోడని. నాగేష్ పేరు గూడ ఎయ్యున్రి. ఎయ్యనన్నరనుకో, నేను ఇండియా బట్టలేసుకోని ఏడికి పోయి ఆడినా, గెల్సినంక మైకు పట్టుకునుడే ఉంటది. పట్టుకున్నప్పుడల్లా ఇదే చెప్త."

అచ్యుతరామయ్య "కమిటీలో పెట్టి ఆలోచిద్దాం తల్లీ" అన్నాడు, చాలా మర్యాదగా.

కమిటీ అక్కర్లేదు. ఆలోచించడానికేముంది ఇందులో? సభ్యులారా, ఏడో నిబంధన మీద తెల్లరంగు పుయ్యండి, రంగు వేయడం మీకు బాగానే వచ్చు. రెస్ట్ పేరుతో పంపిన మనిషిని ఇంటికి పోయి పిలుచుకురండి. "సామేలు గారూ" అని పిలవండి. ఏటా గీచి గీచి ఇచ్చే కాంట్రాక్టు చింపేసి, సామేలుకూ నాగేష్‌కూ వాళ్లతోపాటు ఈ నగరంలో ఏ కోర్టులో బంతి వేడిచేసే ఏ మార్కరుకైనా పర్మనెంట్ ఆర్డరు చేతికివ్వండి. డ్రాలో పేర్లు వెయ్యండి. మీకు ఎదురు వస్తే ఆడండి, ఓడితే ఓడండి, ఓడిపోవడం ఎలా ఉంటుందో ఒంటితో తెలుసుకోండి. వచ్చే నెల దాకా ఆగొద్దు. రేపు పొద్దున చెయ్యండి.